ఫోన్ల కెమిస్ట్రీ ఇన్నంత మాత్రాన రాదు.. నోటుబుక్కు చూసెటోళ్లు కావాలె

‘‘సార్, మా బిడ్డ రోజూ రాత్రి పదకొండు దాకా ఫోన్లనే క్లాసులు ఇంటది. ఫీజు కూడా మొత్తం ఒక్కసారే కట్టిన. మరి టెస్టులల్ల కెమిస్ట్రీ మార్కులు ఎందుకు పెరుగుతలేవు?’’

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నన్ను ఈమధ్య ఒక తండ్రి అడిగిన మాట ఇది. బిడ్డ పక్కనే తల దించుకొని నిలబడ్డది. బద్ధకం ఉన్న పిల్ల కాదు. క్లాసులు ఒక్కటి కూడా వదల్లేదు. అందుకే ఒక చిన్న లెక్క ఇచ్చి చేయమన్న. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి మండితే ఎన్ని గ్రాముల నీళ్లొస్తయ్?

గబగబా రాసి ‘‘36’’ అన్నది. ‘‘మనం పెట్టింది మొత్తం ఎంతమ్మా?’’ అని అడిగిన. ‘‘20 గ్రాములు సార్’’ అన్నది. ‘‘20 గ్రాములు పెడితే 36 గ్రాములు ఎట్లొచ్చినయ్?’’ అనేసరికి కలం ఆగిపోయింది.

ఆ కలం ఎక్కడ ఆగిందో చూసెటోళ్లు ఉన్నరా లేరా అన్నదే ఆన్‌లైన్ ట్యూషన్‌ల అసలు సంగతి.

తప్పు యాడ జరిగింది?

ముందుగాల ఆ లెక్క చూద్దాం. హైడ్రోజన్ ఒక మోల్ బరువు 2 గ్రాములు. ఆక్సిజన్ ఒక మోల్ బరువు 32 గ్రాములు. అంటే మన దగ్గర 2 మోల్స్ హైడ్రోజన్ ఉంది, ఆక్సిజన్ మాత్రం అర మోలే ఉంది. నీళ్లు తయారు కావాలంటే 2 మోల్స్ హైడ్రోజన్‌కు 1 మోల్ ఆక్సిజన్ కావాలె. అర మోల్ ఆక్సిజన్ 1 మోల్ హైడ్రోజన్‌కే సరిపోతది. వచ్చేది 1 మోల్ నీళ్లు, అంటే 18 గ్రాములు. ఇంకో 2 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతది. 18, 2 కలిపితే 20. లెక్క సరిపోయింది.

మన ఇంటి మాటల్ల చెప్పాలంటే, ఒక మంచానికి నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు కావాలె. వడ్లాయన దగ్గర 20 కోళ్లు, 12 పట్టెలు ఉంటే ఎన్ని మంచాలైతయ్? మూడే. కోళ్లు ఎన్నున్నా పట్టెలు అయిపోయినంక పని ఆగుతది. ముందుగాల అయిపోయేదే లెక్కను నడిపిస్తది. కెమిస్ట్రీ పుస్తకంల దీన్నే లిమిటింగ్ రియేజెంట్ అంటరు.

ఆ పాప ఈ పాఠం ఇన్నది. యాప్‌ల టెస్టు కూడా రాసింది. యాప్ ‘తప్పు’ అని ఎర్ర గుర్తు పెట్టి, సొల్యూషన్ వీడియో చూపెట్టింది. చూసి ‘అర్థమైంది’ అనుకున్నది. కానీ ‘నువ్వు ఆక్సిజన్ దిక్కు చూడకుండనే హైడ్రోజన్‌తోటి లెక్క కట్టినవ్’ అని చెప్పినోళ్లు లేరు. సొల్యూషన్ వీడియో సరైన దారి చూపిస్తది. పిల్ల ఏ మూల మీద దారి తప్పిందో అది చెప్పదు. పేపర్ తయారు చేసెటోళ్లకు ఈ తప్పులన్నీ ఎరుకే. అందుకే 36 కూడా ఒక ఆప్షన్‌గా ఉంటది. దానికి టిక్ పెట్టి, వచ్చిందనుకొని పిల్లలు ముందుకు పోతరు.

పరీక్షలు అడిగేదేంది?

నీట్‌ల 180 ప్రశ్నలుంటయ్. అందుల కెమిస్ట్రీ 45 ప్రశ్నలు, 180 మార్కులు. 2025 నుంచి మొత్తం పేపర్‌కు 180 నిమిషాలే ఇస్తున్నరు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. జేఈఈ మెయిన్‌ల 75 ప్రశ్నలుంటే కెమిస్ట్రీవి 25, వాటికి 100 మార్కులు. తెలంగాణ ఎప్‌సెట్‌ల 160 మార్కులుంటే కెమిస్ట్రీకి 40. దీంట్ల మైనస్ మార్కులు లేవు. మూడిట్లకెళ్లి ఒక్కదాంట్ల కూడా క్యాలిక్యులేటర్ పట్టుకపోనియ్యరు.

పైన చెప్పిన మూడు పరీక్షలు అడిగేది ‘ఇన్నవా?’ అని కాదు, ‘చేయగలవా?’ అని. 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే లాగ్ 2 విలువ 0.3010 అని గుర్తుండాలె, 3ల నుంచి అది తీసేస్తే 2.7 వస్తదని చేతికి తెలవాలె. వీడియోల సార్ చేస్తుంటే ఇది పది సెకన్ల పని. పిల్లగాడు ఒక్కడే కూసుంటే మొదటిసారి ఐదు నిమిషాలు పడతది. ఇరవైసార్లు చేస్తే గాని ఆ ఐదు నిమిషాలు ఒక్క నిమిషం కావు.

కెమిస్ట్రీల మూడు పాళ్లు, మూడు పద్ధతులు

ఫిజికల్ కెమిస్ట్రీ అంటే లెక్కలు. ఇది చేత్తోటి చేస్తేనే వస్తది. గంట క్లాస్ ఇంటే కనీసం గంట పెన్ను పట్టాలె.

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే ‘ఎందుకు’ అన్న ప్రశ్న. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ముఖ్యంగా 2-బ్రోమోప్రొపేన్ వస్తది. అదే పెరాక్సైడ్ ఉంటే 1-బ్రోమోప్రొపేన్ వస్తది. రెండు లైన్లు బట్టీ పడితే రేపటికి తారుమారైతయ్. మొదటి దాంట్ల కార్బోకేటయాన్ ఏర్పడుతది, రెండోదాంట్ల ఫ్రీ రాడికల్ దారి నడుస్తది అని బాణం గుర్తులు గీసుకుంట పోతే యాదికుంటది. ఆ బాణాలు పిల్లలే గీయాలె, అవి సక్కగున్నయా లేవా అని ఇంకొకళ్లు చూడాలె.

ఇనార్గానిక్‌ల గుర్తుపెట్టుకునేది ఎక్కువ. దీనికి పాఠ్యపుస్తకాన్ని మించిన యాప్ లేదు. నీట్‌కు, జేఈఈ మెయిన్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లైన్ లైన్ చదవాలె. కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు నీలంగ ఎందుకుంటయ్, వేడి చేసి నీళ్లు పోగొడితే తెల్లగెందుకైతయ్, జింక్ లవణాలకు రంగెందుకుండదు అని ప్రశ్నలు ఏసుకుంట చదివితే బట్టీ భారం సగం తగ్గుతది.

ఆన్‌లైన్‌తోటి లాభం లేదా?

ఉంది. మస్తు ఉంది. కాలేజీల కెమిస్ట్రీ పోస్టు ఖాళీగ ఉన్నప్పుడు, హైదరాబాద్ పోయి హాస్టల్‌ల ఉండే స్తోమత లేనప్పుడు, ఆడపిల్లను దూరం పంపలేమని ఇంట్ల అంటున్నప్పుడు ఫోన్‌ల పాఠమే దిక్కు. క్లాస్‌ల సార్‌ను ‘మళ్లా చెప్పుండ్రి’ అని అడగనీకె సిగ్గుపడే పిల్ల, వీడియోను పదిసార్లు వెనకకు తిప్పుకొని ఇంటది. ఇది చిన్న సంగతి కాదు.

పైసా కట్టకుండ దొరికేవి కూడా ఉన్నయ్. తెలంగాణ సర్కారు టీ-శాట్ ఛానళ్లు, యాప్ ఉన్నయ్. జేఈఈ, నీట్ కోసం కేంద్ర విద్యా శాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి 2023ల ‘సాథీ’ని తెచ్చినయ్. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలకు ఖాన్ అకాడమీ పాఠాలున్నయ్. పాత ప్రశ్నపత్రాలు పరీక్ష పెట్టెటోళ్ల వెబ్‌సైట్లల్లనే దొరుకుతయ్. అంటే పాఠం కోసం వేలకు వేలు పోసే అవసరం లేదు. డబ్బులు పెట్టేదుంటే పాఠానికి కాదు, మన పిల్లల నోటుబుక్కు చూసి తప్పు పట్టే మనిషికి పెట్టాలె.

ఫొటో తీస్తే జవాబు చెప్పే యాప్‌ల సంగతి కూడా ఇట్లనే. లెక్క రాకుంటే ఫొటో కొట్టుడు, జవాబు రాసుకునుడు అలవాటైతే పిల్లల బుర్రకు పని పడదు. కనీసం పదిహేను నిమిషాలు కొట్లాడినంకనే జవాబు చూడాలె. ఆ కొట్లాటలనే కెమిస్ట్రీ వస్తది.

తెలుగు మీడియం పిల్లల కష్టం

ఇంకో ఇబ్బంది గురించి ఎక్కువ మంది మాట్లాడరు. నీట్, జేఈఈ మెయిన్ పేపర్లు తెలుగుల కూడా ఇస్తరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీలల్లనే ఉంటది. తెలుగు మీడియంల చదివినోళ్లకు క్షయకరణం, ఉత్ప్రేరకం, సమతాస్థితి అంటే తెలుసు. ఆన్‌లైన్ సార్ రిడక్షన్, క్యాటలిస్ట్, ఈక్విలిబ్రియం అనుకుంట ఉరుకుతుంటే పిల్లలకు పాఠం రాదని కాదు, పేర్లు దొరకక వెనకబడతరు. దీనికి మందు చిన్నదే. నోటుబుక్కు వెనక పేజీల రెండు వరుసలు గీసి, ఒకదిక్కు తెలుగు మాట, ఇంకోదిక్కు ఇంగ్లిష్ మాట రాసుకోవాలె. నెల రోజులు రాస్తే భయం పోతది.

ఫోన్ చేయలేని పని

ఇంటర్ సెకండియర్‌ల కెమిస్ట్రీ థియరీకి 60 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. టైట్రేషన్‌ల బ్యూరెట్ నుంచి ఒక్కొక్క చుక్క ఇడిసి, ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకు తిరిగిన చుక్క దగ్గర ఆపుడు స్క్రీన్ మీద రాదు. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదురుతది, విలువ తప్పుతది. అది చేసిన పిల్లలకు లెక్కల 0.1 మోలార్ అంటే ఏందో కండ్లకు కట్టినట్టు ఉంటది. ఆన్‌లైన్ క్లాస్ ఉందని కాలేజీ ల్యాబ్ ఎగ్గొట్టనీయొద్దు. ల్యాబ్‌కు తాళం ఏసి ఉంటే తల్లిదండ్రులు పోయి ప్రిన్సిపాల్‌ను అడగాలె. అది పిల్లల హక్కు.

పైసలు కట్టే ముందు

ముందు డెమో క్లాస్ చూడుండ్రి. సార్ ఒక్కడే మాట్లాడుతున్నడా, పిల్లలను అడుగుతున్నడా? లైవ్ క్లాస్‌ల ఎంతమంది ఉన్నరు? చేత్తో రాసిన జవాబులు దిద్దుతరా? డౌట్ అడిగితే ఎన్ని గంటలల్ల చెప్తరు, ఎవరు చెప్తరు? ఏ పరీక్షకు చెప్తున్నరు? సిలబస్‌లు ఒక్కతీరు ఉండవు. ఘనస్థితి లాంటి పాఠాలను నీట్, జేఈఈ మెయిన్ నుంచి 2024ల తీసేసిన్రు. అడ్వాన్స్‌డ్ రాసెటోళ్లకు మాత్రం అది కావాలె. పాత వీడియోలు అంటగట్టే కోర్సుల ఈ తేడా కనబడదు.

ఫీజు నెలనెలా కట్టే దారి ఉంటే అదే మంచిది. కంపెనీ ఎంత పెద్దదైనా రెండేండ్ల ఫీజు ఒక్కసారే కట్టొద్దు. దేశంల పెద్ద ఎడ్‌టెక్ కంపెనీ అనిపించుకున్న బైజూస్ మీద 2024 జులైల దివాలా ప్రక్రియ మొదలైంది. ‘వాయిదాలల్ల కట్టుండ్రి’ అంటే అది ఫీజు వాయిదానా, మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోనా అని అడగాలె. లోన్ అయితే పిల్ల క్లాస్ మానేసినా ఈఎంఐ ఆగదు. ఖాతాల నుంచి దానంతటదే పైసలు కోసుకునే ఆటో డెబిట్‌కు దూరం ఉండాలని కేంద్ర విద్యా శాఖ 2021 డిసెంబర్‌లనే చెప్పింది.

ర్యాంకర్ల ఫొటోలు చూసి మోసపోవద్దు. ఆ పిల్లలు ఏ కోర్సు చేసిన్రు, ఎన్ని రోజులు చేసిన్రు అన్నది ప్రకటనల చెప్పాలని, ఎంపికైనంక రాతపూర్వకంగ ఒప్పుకుంటేనే వాళ్ల ఫొటో వాడాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌ల మార్గదర్శకాలు ఇచ్చింది. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

చదువురాని అమ్మానాన్న కూడా చూడొచ్చు

‘మాకు కెమిస్ట్రీ తెల్వదు, మేమేం చూస్తం?’ అనుకోవద్దు. మూడు పనులు చాలు. ఒకటి, రోజూ రాత్రి నోటుబుక్కు తెరిపించుండ్రి. ఇయ్యాల రాసిన పేజీలు ఉన్నయా? ఫోన్ చూసిన గంటలు కాదు, నిండిన పేజీలు లెక్కపెట్టుండ్రి. రెండు, తప్పులకు వేరే బుక్కు పెట్టించుండ్రి. తప్పయిన లెక్క, అది ఎందుకు తప్పయిందో ఒక్క లైన్, వారం తర్వాత మళ్లా చేసిన లెక్క ఉండాలె. మూడు, ఫోన్ పక్కన పెట్టించి ‘ఇయ్యాల ఏం చదివినవ్, నాకు చెప్పు’ అనుండ్రి. మీకు అర్థం కాకున్నా పర్వాలేదు. తడబడకుండ ఐదు నిమిషాలు చెప్తే పాఠం వచ్చినట్టు. నీళ్లు నమిలితే మళ్లా చదవాలె.

ఆ పాపకు గూడ ఇదే చెప్పిన. వీడియోలు సగం తగ్గించుమన్న, వారానికోసారి తప్పుల బుక్కు పట్టుకొని రమ్మన్న. రెండోసారి వచ్చినప్పుడు అసొంటిదే ఇంకో లెక్క ఇచ్చిన. జవాబు రాయకముందే పక్కన చిన్నగ ఒక మాట రాసుకున్నది: ‘ముందు ఏది అయిపోతది?’ జవాబు సరిగ్గ వచ్చింది. అంతకంటే, తన తప్పు యాడుందో తనకే తెలిసింది. ఫీజు కట్టి కొనుక్కోవాల్సింది ఉంటే అదే. అది ఫోన్‌ల దొరికినా, కాలేజీల దొరికినా, పక్కూరి సార్ దగ్గర దొరికినా తీసుకోవాలె. దొరకకుంటే ఎంత పెద్ద యాప్ అయినా ఉత్త సిన్మా చూసినట్టే.