సారా వేలంపాటను ఆపిన పలక

ప్రజాస్వామ్యం నిర్వచనం సివిక్స్ పుస్తకంలో మనందరం కంఠతా పట్టిందే. అయితే అది నిజంగా ఎలా పనిచేస్తుందో తెలియాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట కథ చదవాలి. ప్రభుత్వం, వ్యాపారం, పౌర సమాజం - ఈ మూడూ అందులో ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

1990ల ఆరంభంలో సారా దుకాణాలకు ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు ఊరూరా సారా ప్యాకెట్లు అమ్మించేవాడు. కూలి డబ్బులు దుకాణానికి, అక్కడి నుంచి కొంత ఖజానాకు చేరేవి. ఇంట్లో పొయ్యి మాత్రం వెలిగేది కాదు.

విచిత్రమేమిటంటే, అదే ప్రభుత్వం అక్షరాస్యతా ఉద్యమం పేరుతో పల్లెల్లో రాత్రి బడులు పెట్టింది. వాచకంలో తాగుడు వల్ల కూలిన కుటుంబాల గురించి చదివిన తల్లులు, ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలవగా దూబగుంటలో సారా దుకాణం మూతపడింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి, వేలంపాటలనే అడ్డుకుంది. స్వచ్ఛంద సంస్థలు, మహిళా సంఘాలు, పత్రికలు తోడయ్యాయి.

ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద వాగ్దానమైంది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమలయింది. కానీ 1997లో, ఆదాయం పోతోందని, దొంగసారా పెరిగిందని ప్రభుత్వం దాన్ని సడలించింది. సారాపై నిషేధం మిగిలింది గాని బ్రాందీ, విస్కీ తిరిగి వచ్చాయి. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాకు మద్యం పెద్ద ఆదాయమే.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ప్రభుత్వం ఒకే మనిషి కాదు. ఒక చేత్తో పలక ఇచ్చింది, మరో చేత్తో ప్యాకెట్ అమ్మించింది. ఏ చెయ్యి గెలవాలో తేల్చింది కూడగట్టుకున్న జనం. వారి ఒత్తిడి తగ్గగానే లెక్కల పుస్తకం మళ్ళీ గెలిచింది.

కాబట్టి ఏ సమస్యనైనా మూడు ప్రశ్నలతో చదవండి. లాభం ఎవరికి? సంతకం ఎవరిది? అడిగేవారు ఎవరు? మన హాస్టల్లోనూ సరుకులిచ్చే కాంట్రాక్టరు, బిల్లు మంజూరు చేసే శాఖ, తినే మనం ఉన్నాం. గోడమీద మెనూ ఒకటి, కంచంలో ఇంకొకటి అయితే మెస్ కమిటీలో అడగాలి. అక్కడ జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది.

అక్షరాలు దిద్దుతూనే మన అమ్మలు అంత పని చేశారు. డిగ్రీలు చదివే మనం నోరు మెదపకపోతే ఎలా?