గూడు నేలపట్టులో, తిండి పులికాట్‌లో

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికి కాస్త పక్కగా నేలపట్టు ఉంటుంది. చిన్న ఊరు. ఊరి చెరువులో, నీళ్ల మధ్యే కడప చెట్లు పెరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండే వేళకు, అంటే అక్టోబరు నుంచి, ఆ చెట్ల మీదికి గూడబాతులు చేరడం మొదలవుతుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు కూడా అక్కడే చోటు వెతుక్కుంటాయి. డిసెంబరు వచ్చేసరికి ఒక్కో చెట్టు మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి.

ఇన్ని చెట్లుండగా పక్షులు నీళ్లలో ఉన్నవాటినే ఎంచుకోవడానికి కారణం భద్రత. కింద నీళ్లుంటే అడవి పిల్లి, నక్క గూటి దాకా రాలేవు. ఈ లెక్కంతా వాన మీదే నడుస్తుంది. చెరువు సరిగా నిండని ఏడాది గూళ్లు పలచబడతాయి. 458.92 హెక్టార్ల ఈ అభయారణ్యానికి ప్రాణం ఆ చెరువే. ఊరివాళ్లు పక్షుల జోలికి పోరు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి మంచి ఎరువని వారికి అనుభవం. అభయారణ్యంగా ప్రభుత్వ ప్రకటన 1976లో వచ్చింది. ఈ సఖ్యత అంతకంటే పాతది.

గూడబాతు ముక్కు కింద వేలాడే సంచిని చేపలు దాచుకునే తిత్తి అనుకుంటారు చాలామంది. అది నిజానికి వల. నీళ్లతో సహా చేపలను తోడి, నీళ్లు వంపేసి, చేపలను మింగుతుంది. పెద్ద పక్షి దాదాపుగా మౌనంగానే ఉంటుంది. చెరువంతా వినిపించే గోల పిల్లలది. తల్లి తిరిగి రాగానే పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి, అక్కడున్న చేపలను తింటుంది. చూసేవాళ్లకు మొదటిసారి భయం వేస్తుంది గానీ, నేలపట్టులో దీన్ని మించిన దృశ్యం లేదు.

ఇంతమంది పిల్లలకు ఒక్క చెరువు చేపలు చాలవు. అందుకే పెద్ద పక్షులు గాలివాటు చూసుకుని పులికాట్ సరస్సు వైపు ఎగిరిపోతాయి. అక్కడ వేటాడి మళ్లీ గూటికి చేరతాయి. మంచినీటి చెరువు పురిటిల్లయితే, ఉప్పునీటి సరస్సు వంటిల్లు. ఒకటే చూసి వెనుదిరిగితే కథలో సగమే తెలిసినట్టు.

ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో పెద్దది పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, దక్షిణపు కొస తమిళనాడులోకి పోతుంది. బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి ఉంటుంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు పోటు ఉప్పునీరు తెస్తుంది. వానాకాలంలో ఉప్పదనం తగ్గుతుంది, ఎండలు ముదిరితే సముద్రాన్ని మించుతుంది. లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. నీటిలో నడిచి మేసే పక్షులకు కావలసింది ఆ లోతులేనితనమే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. దానికి రెండు వైపులా, వరద నీరు తీసిన చోట, ఫ్లెమింగోలు బారులు తీరతాయి. ఇక్కడివాళ్లు వాటిని సముద్రపు రామచిలుకలంటారు. ఫ్లెమింగో తల కిందులుగా వంచి, ముక్కును బోర్లించి తింటుంది. నాలుక పంపులా కదులుతూ బురదనీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లోని సన్నటి జల్లెడ దగ్గర చిన్న రొయ్యలు, పురుగులు, నాచు ఆగిపోతాయి. ఆ తిండిలోని రంగు పదార్థమే రెక్కలకు ఎరుపు తెస్తుంది. పిల్లలు బూడిద రంగులో పుడతాయి, ఎర్రబడడానికి కొన్నేళ్లు పడుతుంది. మన దేశంలో వాటి ప్రధాన పురిటిగడ్డ గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్. అక్కడ బురదను దిబ్బలా పేర్చి ఒకే గుడ్డు పెడతాయి. పులికాట్‌కు అవి వచ్చేది తిండికి.

2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. పిల్లలకు పక్షుల పేర్లు తెలియడానికి అది బాగా ఉపయోగపడింది. పక్షులను తీరిగ్గా చూడాలంటే మాత్రం పండుగ సందడి లేని రోజే మేలు.

సరస్సుకున్న అసలు ముప్పు ముఖద్వారాల్లో మేట వేసే ఇసుక. రాయదొరువు లాంటి చోట్ల ముఖద్వారం పూడితే సముద్రపు నీరు లోపలికి రాదు. నీరు తగ్గితే చేప తగ్గుతుంది, చేప తగ్గితే ముందు జాలరి ఇంట్లో, తర్వాత నేలపట్టు గూళ్లలో ఆకలి మొదలవుతుంది. పూడిక తీయాలన్న జాలర్ల కోరిక పక్షుల తరఫున అడిగినట్టే.

వెళ్లదలచినవారికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. నేలపట్టు నుంచి సూళ్లూరుపేట సుమారు 20 కిలోమీటర్లు. అక్కడికి చెన్నై–గూడూరు మార్గంలో రైళ్లున్నాయి. ఉదయం చెరువుకు, సాయంత్రం సరస్సుకు వెళ్తే రెండూ ఒకే రోజులో చూడవచ్చు. దుర్భిణి వెంట ఉండాలి. చెరువు దగ్గర గట్టు దిగవద్దు, కేకలు వేయవద్దు, డ్రోన్ ఎగరవేయవద్దు. బెదిరిన తల్లి గూడు వదిలి లేస్తే, అది తిరిగొచ్చేలోపే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.