నంద్యాల ఎండకు నిలిచే కంప్యూటర్

ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్ర ఉష్ణోగ్రతల పట్టిక చూస్తే నంద్యాల పేరు పైవరుసలోనే ఉంటుంది. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అందుకే లక్షలు పోసి మంచి డెస్క్‌టాప్ కట్టించుకోవాలనుకునేవాళ్లు ఏ ప్రాసెసర్ కొనాలని కాకుండా, దాన్ని ఏ గదిలో పెట్టాలని మొదట ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

విడిభాగాలు కొని మనమే యంత్రం బిగించుకునే వీలు ఐబీఎం పుణ్యం. 1981 ఆగస్టు 12న విడుదల చేసిన పీసీని ఆ కంపెనీ బయట దొరికే భాగాలతోనే తయారుచేసింది, సర్క్యూట్ పటాలను కూడా అచ్చేసి అమ్మింది. మిగతావాళ్లను అడ్డుకున్నదల్లా బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్‌పై ఉన్న కాపీరైటు. కాంపాక్ ఇంజినీర్లు అదే పని చేసే కోడ్‌ను సొంతంగా రాసుకుని ఆ అడ్డు దాటారు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలతో మరో మేలు జరిగింది. మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు, స్క్రూ రంధ్రాలు ఫలానా చోట అని తేలిపోయింది. ఈ కంపెనీ బోర్డు ఆ కంపెనీ క్యాబినెట్‌లో ఇవాళ్టికీ ఇట్టే కూర్చోవడానికి కారణం అదే.

ఆ భాగాలు మన చేతికి అందడంలో నంద్యాలకూ ఒక ముడి ఉంది. 1991 నవంబరు ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావును లోక్‌సభకు పంపింది ఈ నియోజకవర్గమే. దిగుమతులకు తలుపులు తెరిచింది ఆయన ప్రభుత్వం. 1997లో భారత్ ఐటీ ఉత్పత్తుల సుంకాల ఒప్పందంలో చేరింది. 2005 నాటికి ఆ ఒప్పందం కిందికి వచ్చే కంప్యూటర్ భాగాలపై సుంకం సున్నా అయింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ దుకాణాల్లో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అన్న మాట మామూలైపోయింది.

ఇక వేడి సంగతి. 1993 నాటి తొలి పెంటియమ్ ఇంచుమించు 15 వాట్లతో సరిపెట్టుకునేది. 2025లో వచ్చిన రైజెన్ 9 9950ఎక్స్3డీ గట్టి పనిలో 230 వాట్ల దాకా లాగుతుంది. అదే ఏడాది వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డులో 9,200 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి, దాని పరిమితి 575 వాట్లు. గ్రాఫిక్స్ చిప్పుల ఈ ప్రయాణంలో మనవాడి చెయ్యీ ఉంది. కొవ్వూరులో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి ఏఎండీలో రేడియాన్ విభాగాన్ని నడిపారు, ఇంటెల్‌కు వెళ్లి ఆర్క్ కార్డులు తెచ్చారు.

కూలర్ చల్లదనాన్ని పుట్టించదు. చిప్పులోని వేడిని గదిగాలికి అప్పగిస్తుంది, అంతే. ఒక కూలర్ పూర్తి పనిలో చిప్పును గదికన్నా 55 డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపగలదనుకుందాం. 25 డిగ్రీల గదిలో చిప్పు 80 దగ్గర హాయిగా ఉంటుంది. నంద్యాలలో 40 డిగ్రీల గదిలో 95కు చేరుతుంది. ఈ రైజెన్ ప్రాసెసర్‌కు గీసిన గీత అదే. అక్కడినుంచి తన వేగం తానే తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం ఎండకే పోతుంది. ఖరీదైన నీటి కూలర్ పెట్టినా గదిగాలికన్నా కిందికి దించలేదు. పైగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి లాగే ఆ 800 వాట్లూ చివరికి గదిలోనే కలుస్తాయి. ఒక టన్ను ఏసీ తోడిపోసేది సుమారు 3,500 వాట్లు. అందులో దాదాపు నాలుగో వంతు కంప్యూటర్‌కే పోతుంది. కాబట్టి ఏసీ ఖర్చును కూడా కంప్యూటర్ ఖర్చులోనే వేసుకోవాలి.

ఇదే జిల్లాలోని ఆళ్లగడ్డలో ఇంకో చిక్కు. శిల్పుల కార్ఖానాల దగ్గర రాయి కోసే మిషన్ల నుంచి లేచే సన్నటి పొడి రేడియేటర్ రెక్కల మధ్య చేరి, దుప్పటి కప్పినట్టు వేడిని లోపలే ఆపేస్తుంది. దీనికి చక్కటి ఉపాయముంది. గాలిని లోపలికి లాగే ఫ్యాన్ల బలం బయటికి నెట్టేవాటికన్నా ఎక్కువ ఉండాలి, లాగేవాటి ముందు జాలీ ఫిల్టర్లు పెట్టాలి. అప్పుడు క్యాబినెట్ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము దూరదు. బ్లోయర్‌తో శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. గాలి దెబ్బకు అది మితిమీరి తిరిగితే బేరింగ్ చెడుతుంది.

కరెంటు దగ్గర పొదుపు పనికిరాదు. ఆర్‌టీఎక్స్ 5090 కార్డుకు వెయ్యి వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలని తయారీదారే చెబుతాడు. ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. సైన్ వేవ్ ఇచ్చే పెద్ద యూపీఎస్, సరైన ఎర్తింగ్ లేకుండా పని మొదలుపెట్టకండి.

బిగింపులో ఊపిరి బిగబట్టాల్సిన చోటు సాకెట్. ఈ రైజెన్‌కు 1,718 పిన్నులు బోర్డులోనే ఉంటాయి, ఒక్కటి వంగినా కష్టమే. ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుకు కలిపి, నొక్కకుండా అలా వదిలితే దానంతటదే కూర్చుంటుంది. గ్రాఫిక్స్ కార్డు పవర్ కేబుల్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: అంచు కనపడకుండా చివరిదాకా నొక్కాలి. సగం దిగిన చోట్ల కనెక్టర్లు కరిగిన దాఖలాలున్నాయి.

మొదటిసారి ఆన్ చేశాక తెర నల్లగా నిమిషాల తరబడి ఉండొచ్చు. కంగారుపడి స్విచ్ కట్టేయకండి. డీడీఆర్5 ర్యామ్‌తో ఏ టైమింగుల్లో సరిగ్గా మాట్లాడగలదో బోర్డు ఒక్కొక్కటిగా సరిచూసుకుంటోంది. ఆ లెక్క రాసిపెట్టుకున్నాక మరుసటిసారి అంత ఆలస్యం ఉండదు. ఇక మిగిలింది పూర్తి బరువు మోపే పరీక్ష. దాన్ని డిసెంబరు రాత్రి చేసి సంతోషపడితే ప్రయోజనం లేదు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, తలుపులేసిన గదిలో ఓ గంటసేపు నడిపి, చిప్పు ఎన్ని డిగ్రీల దగ్గర ఆగిందో చూడండి.