ఆ అడుగు కుక్కదా? చిరుతదా?

నల్లమల అంచు గ్రామాల్లో వేకువనే పొలానికి వెళ్లిన రైతుకు తడి మట్టిలో నాలుగు వేళ్ల అడుగు కనిపిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా పులి వచ్చిందన్న వార్త ఊరంతా పాకుతుంది. కూలీలు చేలకు వెళ్లరు. పశువులు కొట్టం దాటవు. తీరా చూస్తే అది ఊరకుక్క జాడ కావచ్చు. అలాగని ప్రతి అడుగునూ కుక్కదేనని కొట్టిపారేయడమూ ప్రమాదకరమే. 2023 ఆగస్టులో శేషాచలం అడవుల్లోని అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల బాలిక బలైంది. అందువల్ల అడవిని ఆనుకొని జీవించేవారికి జాడలపై కనీస అవగాహన అవసరం.

గోళ్ల గుర్తులు: కుక్క గోళ్లు ఎప్పుడూ బయటే ఉంటాయి. అందుచేత వేళ్ల ముందు చిన్న గాట్లు పడతాయి. చిరుత, పెద్దపులి, అడవిపిల్లి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి. అయితే ఈ ఒక్క ఆనవాలునే నమ్మరాదు. గట్టి నేలపై కుక్క గోళ్లు పడకపోవచ్చు. బురదలో జారినప్పుడు చిరుత గోళ్లూ పడవచ్చు.

పాదం ఆకారం: కుక్క అడుగు కోలగా, వెడల్పు కన్నా పొడవు ఎక్కువగా ఉంటుంది. నడిమి రెండు వేళ్లు సమానంగా నిలుస్తాయి. చిరుత అడుగు దాదాపు గుండ్రంగా ఉంటుంది. మన చేతి నడిమి వేలి వలె ఒక వేలు కాస్త ముందుకు ఉంటుంది.

మెత్తే అసలు ఆధారం: వేళ్ల వెనుక ఉండే మెత్త కుక్కకు చిన్నదిగా, ముందు వైపు మొన తేలి త్రికోణంగా ఉంటుంది. పులి జాతికి అది పెద్దదిగా, ముందు అంచు చదునుగా ఉండి, వెనుక అంచున మూడు గుండ్రని ఉబ్బులు కనిపిస్తాయి. వేళ్లకు, మెత్తకు నడుమ ఖాళీలో ఇంటూ గుర్తు గీయగలిగితే అది కుక్కదే కావచ్చు. చిరుత అడుగులో ఆ గీత మెత్తను తాకుతుంది.

పరిమాణం చూసి భ్రమపడరాదు: చిరుత అడుగు వెడల్పు సాధారణంగా 7 నుంచి 9 సెంటీమీటర్లు. పెద్ద కుక్క అడుగూ అంతే ఉండవచ్చు. పెద్దపులిదైతే సాధారణంగా 10 సెంటీమీటర్లు దాటుతుంది. అయిదు వేళ్లు, పొడవైన గోళ్లు కనిపిస్తే అది ఎలుగుబంటిది.

ఏం చేయాలి?: ఒక్క ముద్రతో నిర్ణయానికి రాకుండా వరుసగా నాలుగైదు అడుగులను పరిశీలించాలి. జాడ వెంట అడవిలోకి వెళ్లరాదు. స్పష్టమైన ముద్ర పక్కన అగ్గిపెట్టె ఉంచి ఫొటో తీసి, దానిపై బోకె బోర్లించి అటవీ సిబ్బందికి తెలపాలి. పశువు చనిపోతే కళేబరాన్ని కదిలించరాదు. సిబ్బంది పరిశీలనపైనే పరిహారం ఆధారపడి ఉంటుంది.

దేశంలో ఒకప్పుడు పాదముద్రలతోనే పులులను లెక్కించేవారు. 2006 గణన నుంచి ఆ స్థానంలో కెమెరాలు, గణాంక పద్ధతులు వచ్చాయి. అయినా ఊరి పొలిమేరకు రాత్రి వచ్చింది ఏ జంతువో చెప్పే తొలి సాక్షి నేటికీ నేలపై పడిన అడుగే. జనం గుమిగూడి దానిని తొక్కివేయకుండా కాపాడుకోవాలి.