టీవీ మూగబోయింది... మూత విప్పవచ్చా?

గాలివానల తర్వాత ఇంటింటా ఇదే ప్రశ్న
బయటి పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు.. లోపలి పనికి అనుభవం తప్పనిసరి

అమలాపురం: కోనసీమలో గాలివాన వెలిసిన మరునాడు ఏ ఊళ్లో చూసినా ఒకటే దృశ్యం. దారి పొడవునా విరిగిపడ్డ కొబ్బరి మట్టలు, అక్కడక్కడా వేలాడే కరెంటు తీగలు. మధ్యాహ్నానికో సాయంత్రానికో కరెంటు వస్తుంది. దానితోపాటే కష్టాలూ మొదలవుతాయి. ఒక ఇంట్లో టీవీ వెలగదు. పక్కింట్లో మాట వినిపిస్తుంది గానీ బొమ్మ రాదు. మెకానిక్ దుకాణం పట్టణంలో ఉంటుంది. టీవీని అంతదూరం మోసుకెళ్లాలి. తీరా వెళ్తే ఎంత అడుగుతాడో తెలియదు. ఇంట్లోని కుర్రవాడు సెల్‌ఫోనులో ఒక వీడియో చూసి స్క్రూడ్రైవరు అందుకుంటాడు. తల్లి వద్దని వారిస్తుంది. తండ్రి ఎటూ తేల్చుకోలేడు.

ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం కొన్ని వందల రూపాయలు మిగల్చవచ్చు. అదే నిర్ణయం చిన్న మరమ్మతుతో పోయేదాన్ని కొత్త టీవీ ఖర్చుదాకా తీసుకుపోనూవచ్చు. ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి స్క్రూడ్రైవరు కంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

దోషం టీవీదేనా?

ముందుగా అనుమానించవలసింది కరెంటును. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ తీగ బయలుదేరుతాయి. ఒక ఫేజు, న్యూట్రల్ కలిస్తే ఇంటికి 230 వోల్టుల కరెంటు అందుతుంది. కొబ్బరి మట్ట పడి న్యూట్రల్ తీగ తెగినా, జాయింటు వదులైనా వ్యవహారం తారుమారవుతుంది. వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి వరుసగా కలిసిపోయి, రెండు ఫేజుల మధ్య ఉండే సుమారు 400 వోల్టులను పంచుకుంటాయి. ఈ పంపకంలో సమానత్వం ఉండదు. ఎక్కువ వాడకం ఉన్న వైపు వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వాడకం ఉన్న వైపు అమాంతం పెరుగుతుంది. ఒక దీపం, ఒక టీవీ మాత్రమే ఉన్న ఇల్లు ఎక్కువగా నష్టపోవడానికి కారణం ఇదే.

దీనిని గుర్తించడం కష్టం కాదు. ఒక ఇంట్లో దీపాలు కళ్లు చెదిరేలా వెలుగుతూ, పక్క ఇంట్లో మిణుకుమిణుకుమంటుంటే న్యూట్రల్‌ను అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపివేసి, విద్యుత్ పంపిణీ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. తెగిన తీగ దగ్గరకు ఎవరూ వెళ్లకూడదు. లైను సరి కాకముందే బాగుచేసిన టీవీని తెచ్చి పెడితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే.

ఇలా ఎక్కువ వోల్టేజీ వచ్చినప్పుడు చాలా టీవీలలో వేరిస్టర్ అనే చిన్న బిళ్ల తాను షార్టయి, ఫ్యూజును కాల్చివేసి మిగతా బోర్డును కాపాడుతుంది. అప్పుడు టీవీకి ఉండే ఎర్రదీపం సైతం వెలగదు. దెబ్బ అంతటితో ఆగి ఉంటే, అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇది పెద్ద పని కాదు. సొంతంగా మూత విప్పినవారు పొరపాటు చేసేది సరిగ్గా ఇక్కడే. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుడతారు. కాపలావాణ్ని పంపివేసి తలుపులు బార్లా తెరవడం వంటిది ఈ పని. బోర్డు మొత్తం మాడిపోవచ్చు, మంటలూ రావచ్చు.

మూత విప్పకుండానే సగం తెలుస్తుంది

టీవీ ప్లగ్గు ఉన్న సాకెట్‌లోనే సెల్‌ఫోను చార్జర్ పెట్టి చూడాలి. చార్జింగ్ ఎక్కకపోతే దోషం టీవీది కాదు, స్విచ్ బోర్డుది. టీవీ వెలిగి సిగ్నల్ లేదని చూపుతుంటే సెట్‌టాప్ బాక్సును, దాని అడాప్టర్‌ను పరీక్షించాలి. అడాప్టర్ మార్చవలసి వస్తే పాతదానిపై ముద్రించిన వోల్టులే కొత్తదానిపైనా ఉండాలి. ఆంపియర్లు తగ్గకూడదు, ఎక్కువ ఉన్నా నష్టం లేదు. పిన్నులో ప్లస్, మైనస్ గుర్తులు కూడా కలవాలి. పిన్ను దూరింది కదా అని ఏదో ఒకటి పెట్టి బాక్సును కాల్చుకునేవారు తక్కువేమీ కాదు.

రిమోట్ పని చేస్తున్నదో లేదో సెల్‌ఫోను కెమెరాయే చెబుతుంది. కెమెరాకు ఎదురుగా రిమోట్ పెట్టి మీట నొక్కితే, కంటికి కనిపించని కాంతి తెరపై మెరుస్తుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు ఇది కనిపించదు. సెల్ఫీ కెమెరాతో చూడటం మేలు.

అన్నింటికంటే ఉపయోగపడేది టార్చిలైటు పరీక్ష. మాట వినిపిస్తూ తెర నల్లగా ఉన్నప్పుడు గదిని చీకటి చేసి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా వేయాలి. లోపల బొమ్మలు మసకగా కదులుతుంటే బొమ్మ చూపే ప్యానెల్ బాగానే ఉన్నట్లు. పోయింది వెనుక వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పట్టీలో, వాటికి కరెంటు ఇచ్చే భాగమో. పట్టీలలోని దీపాలు దండలో పూసల్లా వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఒక్కటి కాలినా దండ మొత్తం ఆరిపోతుంది. ఈ పరీక్ష చేసుకుని వెళ్లిన మనిషితో ‘ప్యానెల్ పోయింది, కొత్త టీవీ కొనుక్కోండి’ అని చెప్పడం ఏ దుకాణంవారికైనా అంత సులభం కాదు. సొంతంగా బాగుచేయడం రాకపోయినా, జబ్బు తెలిసి వెళ్లడంలోని లాభం ఇది.

జబ్బు తెలిసింది కదా అని వైద్యం ఇంట్లోనే చేయబూనడం వేరే సంగతి. ఎల్‌ఈడీ పట్టీలు మార్చాలంటే పలుచని గాజు ప్యానెల్‌ను పూర్తిగా పైకి ఎత్తవలసి ఉంటుంది. దాని అంచున కాగితంలాంటి సన్నని రిబ్బన్లు ఉంటాయి. ఒక రిబ్బను చిరిగినా, గాజు కాస్త వంగి పగిలినా ప్యానెలే మార్చాలి. చాలా టీవీలలో దాని ఖరీదు దాదాపు కొత్త టీవీతో సమానం.

ప్లగ్గు తీసినా పొంచి ఉండే కరెంటు

ప్లగ్గు తీసేశాక ఇక భయమెందుకన్న ధీమా చాలామందికి ఉంటుంది. అది నిజం కాదు. టీవీ పవర్ బోర్డులోని పెద్ద కండెన్సరులో సుమారు 325 వోల్టుల డీసీ నిలువ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు, బోర్డు చెడిపోయి ఉంటే మరింతసేపు అది అలాగే ఉండవచ్చు. టెస్టర్ వెలగలేదని చేయి పెట్టడం తగదు. ఇంట్లో టెస్టర్ చూపేది ఫేజునే కానీ కండెన్సరులో దాగిన కరెంటును కాదు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉన్నదన్న ధైర్యమూ ఇక్కడ పనికిరాదు. కరెంటు భూమిలోకి పోతేనే అది పడిపోతుంది. కండెన్సరు రెండు కొసలూ ముట్టుకున్న మనిషిని అది కాపాడలేదు.

కొన్ని ఇళ్లలో ఇంకా కనిపించే పాత డబ్బా టీవీల సంగతి మరీ ప్రమాదం. వాటి గాజు గొట్టానికి అందే వోల్టేజీ 20 వేలు దాటుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో రెండు వేల వోల్టులకు పైబడి తయారవుతుంది, దాని కండెన్సరు చాలా శక్తిని నిలువ ఉంచుకుంటుంది. ఈ రెండింటి మూతలను ఇంట్లో విప్పకపోవడమే క్షేమం.

ఫ్యాను మాత్రం కొంత మినహాయింపు. నెమ్మదిగా తిరిగే, చేత్తో తోస్తే తప్ప కదలని సీలింగ్ ఫ్యానులో తరచుగా పోయేది కండెన్సరే. మామూలుగా అది 2.5 మైక్రోఫారడ్‌లది, ఖరీదు వంద రూపాయలలోపే. కరెంటు పని కొద్దిగా తెలిసినవారు పాతదానిపై ఉన్న అంకెలతో సరిపోయేది తెచ్చి మార్చుకోవచ్చు. అయితే స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు కలిపిన సందర్భాలు ఉంటాయి. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానులకు ఈ చిట్కా వర్తించదు. వాటిలో ఉండేది ఎలక్ట్రానిక్ బోర్డు.

ఉప్పుగాలి, వారంటీ

అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో మరో సమస్య ఉంది. ఉప్పుగాలికి బోర్డు మీది రాగికి చిలుము పడుతుంది. అలాంటి బోర్డును శుభ్రం చేస్తే టీవీ వెలగవచ్చు. కానీ కొన్ని నెలలకు మరోచోట తెగవచ్చు. ఏళ్ల తరబడి వాడిన సెట్టుకు ఈ దశలో పెద్ద మొత్తం ఖర్చు పెట్టేముందు బాగా ఆలోచించుకోవాలి.

వారంటీ ఉన్న వస్తువు మూత తీయకపోవడమే మంచిది. సీలు చెదిరితే కంపెనీవారు ఉచిత మరమ్మతుకు నిరాకరించే అవకాశం ఉంది. హెచ్చు వోల్టేజీ వల్ల జరిగిన నష్టం తమ పూచీ కాదని చాలా వారంటీ పత్రాలలో రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలను కొన్న రోజునే చదవాలి. బయటి దుకాణంలో మరమ్మతు చేయిస్తే బిల్లు, తీసివేసిన పాత భాగం రెండూ అడిగి తీసుకోవాలి. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తున్నది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, వారంటీ, విడిభాగాల వివరాలు తెలుసుకోవచ్చు.

ఇక టీవీని పట్టణానికి తీసుకెళ్లడానికే నిర్ణయించుకుంటే, దారిలోనూ జాగ్రత్త అవసరం. మోటారు సైకిల్‌పై వెనుక కూర్చున్నవారు టీవీని ఒడిలో పడుకోబెట్టుకుని వెళ్లడం ఇక్కడ మామూలే. బాగుచేయడానికి వీలైన టీవీ తెర ఒక గుంత దగ్గర పగిలిపోవచ్చు. సెట్టును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. మందపాటి దుప్పటి చుట్టాలి. తెర మీద తాడు బిగించరాదు. వీలైతే ఆటోలో తీసుకెళ్లడమే మంచిది.