పాత పోస్ట్‌కార్డుల్లో వేడినీటి ఊరు: ఆ రంగుల వెనక దాగిన అసలు కథ ఇదీ!

నీలి ఆకాశం, పచ్చని చెట్లు, వరసగా అందమైన భవనాలు, ఎదురుగా ఒక్క కరెంటు తీగ కూడా అడ్డురాని శుభ్రమైన రోడ్డు. అమెరికాలోని హాట్ స్ప్రింగ్స్ ఊరి మీద 1930లు, 40ల్లో వచ్చిన పోస్ట్‌కార్డులు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. చూడగానే వెళ్లి రావాలనిపిస్తుంది. కానీ ఆ రంగులు కెమెరాలో పడినవి కావు. ఆ ఊరి గురించి కార్డు చెప్పని సంగతులు కూడా చాలానే ఉన్నాయి. అవేంటో చూద్దాం.

ఎక్కడుంది ఈ ఊరు?

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉంది హాట్ స్ప్రింగ్స్. ఇక్కడ కొండ వాలు నుంచి 47 వేడినీటి ఊటలు వస్తాయి. నీటి వేడి సగటున 62 డిగ్రీల సెల్సియస్. అగ్నిపర్వతాల వల్ల వచ్చిన వేడి కాదిది. సుమారు 4,400 ఏళ్ల కిందట కురిసిన వాన భూమిలోకి ఇంకి, వేల అడుగుల లోతులో రాళ్ల వేడికి కాగి, పగుళ్ల గుండా మళ్లీ పైకి వస్తోంది.

ఈ ఊటలను కాపాడేందుకు అమెరికా ప్రభుత్వం 1832లోనే ఆ స్థలాన్ని రిజర్వ్ చేసింది. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ ఏర్పడింది 1872లో. అంటే దానికంటే 40 ఏళ్ల ముందన్నమాట! 1921లో హాట్ స్ప్రింగ్స్ కూడా నేషనల్ పార్క్ అయింది.

స్నానానికి డాక్టర్ చీటీ

ఇక్కడికి జనం వచ్చింది సరదా కోసమే కాదు. కీళ్లనొప్పులు, చర్మరోగాలు, సుఖవ్యాధులు ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి వచ్చేవాళ్లు. ఎన్ని స్నానాలు చేయాలో డాక్టర్లు రాసిచ్చేవాళ్లు. మామూలుగా 21 స్నానాల కోర్సు ఉండేది. అంటే రోజుకొకటి చొప్పున మూడు వారాలు.

మూడు వారాలు ఉండాలంటే గది కావాలి కదా! అలా హోటళ్లు లేచాయి. వాటిలో పేరున్నది ఆర్లింగ్టన్ హోటల్. ఊటల దగ్గర సెంట్రల్ అవెన్యూలో ఎనిమిది పెద్ద స్నానశాలలు వరసగా వెలిశాయి. ఆ వరసనే 'బాత్‌హౌస్ రో' అంటారు. మూడు వారాలు ఊళ్లో ఉన్న మనిషి ఇంటికి కబురు పంపాలంటే చేతిలో ఉన్న చవకైన దారి పోస్ట్‌కార్డు. హోటళ్లకు, స్నానశాలలకు అది దాదాపు ఖర్చులేని పబ్లిసిటీ.

మరి ఆ రంగులు ఎలా వచ్చాయి?

ఇలాంటి కార్డులు పెద్ద ఎత్తున అచ్చేసిన కంపెనీల్లో షికాగోలోని కర్ట్ టైక్ ఒకటి. ముందు నలుపు తెలుపు ఫొటో తీసేవాళ్లు. తర్వాత ఆర్టిస్టులు పని మొదలుపెట్టేవాళ్లు. కరెంటు స్తంభాలు తీసేయడం, ఆకాశంలో మబ్బులు పెట్టడం, కార్ల రంగు మార్చడం.. అన్నీ చేతిపనే. ఇప్పుడు మనం ఫోన్‌లో ఫిల్టర్ వేసినట్టే అనుకోండి.

1930ల నుంచి గుడ్డ నేతలాంటి గీతలున్న కాగితం వాడకంలోకి వచ్చింది. దాని మీద ముదురు రంగులు బాగా నిలిచేవి. అందుకే వీటిని 'లినెన్ కార్డులు' అంటారు.

కార్డు వయసు ఇలా చెప్పొచ్చు

* వెనకవైపు మధ్యలో గీత లేకపోతే అది 1907కు ముందు కార్డు అయ్యే అవకాశం ఎక్కువ. అమెరికాలో అప్పటిదాకా వెనకవైపు అడ్రస్ మాత్రమే రాయాలి. కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన చోటే దిక్కు.
* బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఉంటే ఎక్కువగా 1915 నుంచి 1930 మధ్యది.
* కర్ట్ టైక్ లినెన్ కార్డు మీద చిన్న అక్షరాల్లో నంబర్ ఉంటుంది. అందులో ఏ అంటే 1930లు, బీ అంటే 1940లు, సీ అంటే 1950లు. ముందున్న అంకె ఆ దశాబ్దంలో సంవత్సరం. '5ఏ' అని ఉంటే 1935 అన్నమాట.
* ఆర్లింగ్టన్ హోటల్ బొమ్మ కూడా ఒక ఆధారమే. 1893లో కట్టిన భవనం 1923లో కాలిపోయింది. రెండు టవర్లున్న ఇప్పటి భవనం 1924లో పూర్తయింది. కార్డులో ఈ టవర్లు ఉంటే ఆ తర్వాతిదే.

కార్డు చెప్పని సంగతి

అసలు విషయం ఇక్కడుంది. బాత్‌హౌస్ రోలో టబ్బు నింపి, ఒళ్లు రుద్ది, వేడి గుడ్డలు చుట్టి, రోగుల బాగోగులు చూసిన అటెండెంట్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. కానీ తాము పనిచేసే స్నానశాలలో తాము స్నానం చేయడానికి వాళ్లకు వీల్లేదు. ఆ ఊటలు, ఆ స్థలం కేంద్ర ప్రభుత్వానివే అయినా అంతే. నల్లజాతివాళ్ల కోసం కొద్ది దూరంలోని మాల్వెర్న్ అవెన్యూలో పిథియన్ లాంటి వేరే స్నానశాలలు నడిచేవి.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. కానీ తలుపులు తెరుచుకునే నాటికి లోపల వ్యాపారమే పడిపోయింది. పెన్సిలిన్ లాంటి మందులు రావడంతో వేడినీళ్ల మీద ఆశ పెట్టుకునే రోగులు తగ్గిపోయారు. రంగుటద్దాల పైకప్పుతో 1915లో మొదలైన ఫోర్డైస్ స్నానశాల 1962లోనే మూతపడింది. ఒక్కొక్కటిగా మిగతావాటిలో చాలావరకు అదే దారి పట్టాయి.

ఇప్పుడేం జరుగుతోంది?

ఫోర్డైస్ 1989 నుంచి పార్క్ విజిటర్ సెంటర్‌గా నడుస్తోంది. అప్పటి టబ్బులు, గదులు లోపలికెళ్లి చూడొచ్చు. 1912లో తెరిచిన బక్‌స్టాఫ్‌లో ఇప్పటికీ పాత పద్ధతి స్నానం ఉంది. సుపీరియర్ స్నానశాలలో అయితే ఆ ఊట నీటితోనే బీరు తయారుచేస్తున్నారు.

కర్ట్ టైక్ కంపెనీ కార్డులు, వాటి తయారీ ఫైళ్లు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో ఉన్నాయి. ఊళ్లు ఒకప్పుడు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి పరిశోధకులు వీటిని వాడుతున్నారు. అయితే బొమ్మలో ఉన్నదంతా నిజమని నమ్మరు. ఎప్పటి కార్డు, ఏం తీసేశారు, ఏం కలిపారు అని చూస్తారు.

మీ ఇంట్లో ఎక్కడైనా పాత పోస్ట్‌కార్డు కనిపిస్తే బొమ్మ చూసి పక్కన పెట్టేయకండి. ఒకసారి తిప్పి చూడండి. బొమ్మ వైపు ఊరు తనను తాను ఎలా చూపించుకోవాలనుకుందో ఉంటుంది. వెనక తపాలా ముద్ర తేదీ చెబుతుంది. నొప్పి తగ్గిందో లేదో, ఇంటికి ఎప్పుడొస్తారో రాసిన రెండు ముక్కలు కూడా అక్కడే దొరకొచ్చు.