కాడి ఎప్పుడు దించామన్నదే ఎద్దుకు పాఠం

మొండి ఎడ్లను దారికి తెచ్చే విద్య మరుగున పడుతున్నది

బిజినేపల్లి : మంచి ధర పెట్టి సంతలో కొన్న ఎడ్ల జత నెల తిరక్కుండానే మళ్లీ సంత దారి పట్టడం పల్లెల్లో తెలియని సంగతి కాదు. ఒక ఎద్దు సాలు మధ్యలో పడుకుంటుంది. ఇంకొకటి దగ్గరికి పోతే తంతుంది. మరొకటి లారీ హారన్ వింటే చాలు, బండిని పొలం గట్ల మీదికి లాక్కుపోతుంది. 'మొండెద్దు' అని ఒకసారి పేరు పడితే ఆ పశువును సగం ధరకు అడిగేవారు కూడా ఉండరు. చివరకు కబేళా దారే దిక్కవుతుంది. నష్టం రైతుకు, ప్రాణం ఎద్దుకు.

దున్నకానికి ట్రాక్టర్లు వచ్చాయి నిజమే. అయినా పత్తి చేలో సాళ్ల నడుమ గుంటుక తోలాలంటే చిన్న రైతుకు ఇప్పటికీ ఎడ్లే ఆధారం. వాన వెలిసిన తరువాత పదును ఉండేది రెండు మూడు రోజులే. ఆ పదునులో గుంటుక తిరగకపోతే కలుపు పైరును మించిపోతుంది, కూలీల ఖర్చు మీద పడుతుంది. సరిగ్గా ఆ రోజునే ఎద్దు మొరాయిస్తే పోయేది ఒక పూట పని కాదు, ఆ యేటి లాభమే.

ఒకప్పుడు ప్రతి ఊళ్లో కోడెలను కాడికి మరిపే నేర్పరులు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. చిన్నప్పటి నుంచి పశువుల వెంట తిరిగిన జీతగాళ్లకు ఎద్దు చెవి కదలికను బట్టే దాని మనసు తెలిసేది. పాలమూరు పల్లెల నుంచి బొంబాయికి, హైదరాబాదుకు వలసలు సాగిన కొద్దీ, పొలాల్లోకి యంత్రాలు వచ్చిన కొద్దీ ఈ విద్య చేతులు మారలేదు. ఎడ్లు ఉన్నాయి గాని వాటికి నేర్పేవారు తగ్గిపోయారు. కొత్తగా అరక పట్టిన యువకుడికి తెలిసిన మందు ఒక్కటే, కర్ర.

తప్పు ఎవరిది?

పుట్టుకతో మొండిదైన ఎద్దు చాలా అరుదు. చెడ్డ అలవాటుకు సాధారణంగా రెండే కారణాలు. ఒకటి ఒంట్లో బాధ, రెండు మనిషి తెలియక నేర్పిన పాఠం. మొదటిదానికి కర్రతో మందు లేదు. రెండోదానికి కర్ర మందు కాదు.

అందుకే ఎద్దు పని మానేసిన రోజున మొదట దాని ఒళ్లు చూడాలి. కాడి ఆనే చోట మెడ మీద వాపు గాని, పుండు గాని ఉన్నదా? మూపురం మీద ఈగలు ముసిరే పుండు ఉన్నదా? గిట్టల నడుమ రాయి గాని, ముల్లు గాని ఇరుక్కున్నదా? నాడా వదులైందా? వయసు మీరిన ఎద్దు పదే పదే తల విదిలిస్తూ, ఒక కొమ్ము వంగిపోయి, ఆ వైపు ముక్కు నుంచి రక్తం కారుతుంటే కొమ్ము క్యాన్సర్ అని అనుమానించాలి. గాలికుంటు వచ్చి తగ్గిన కొన్ని పశువులు ఆ తరువాత ఎండను తట్టుకోలేవు. పొద్దెక్కగానే నోరు తెరిచి రొప్పుతాయి, వెంట్రుకలు దట్టంగా పెరుగుతాయి. అటువంటి ఎద్దు మధ్యాహ్నం సాలులో పడుకుంటే అది సోమరితనం కాదు, అశక్తత. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు. అరక పట్టినవాడు కాకి కారాదు.

జత కుదరకపోవడం కూడా ఒక కారణమే. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే కాడి ఒక పక్కకు ఒరిగి పొట్టి ఎద్దు మెడను నొక్కుతుంది. ఒకటి బలమైనది, ఒకటి బక్కది అయినప్పుడు కాడికి నాగలి కట్టే చోటును బలమైన ఎద్దు వైపు కొంచెం జరిపితే బక్క ఎద్దు మీద భారం తగ్గుతుంది. ఈ చిన్న సవరణతోనే దారికి వచ్చే ఎడ్లు ఉంటాయి.

తెలియక నేర్పే పాఠం

ఇక రెండో కారణం. సాలులో ఎద్దు పడుకున్నది. రైతు నాలుగు దెబ్బలు కొట్టాడు, లేవలేదు. విసుగెత్తి కాడి దించి చెట్టు నీడన కట్టేశాడు. దీనితో ఎద్దుకు తెలిసిందేమిటి? పడుకుంటే పని తప్పుతుందని. దెబ్బలు మరిచిపోతుంది గాని ఈ సంగతి మరిచిపోదు. మరునాడు మరో నాలుగు సాళ్లు ముందే పడుకుంటుంది. ఎద్దును ఈ అలవాటుకు తెచ్చింది కొట్టిన కర్ర కాదు, కాడి దించిన ఘడియ.

అంటే పశువుకు పాఠం చెప్పేది పగ్గం లాగడం కాదు, పగ్గం వదలడం. లాగినప్పుడు దానికి ఇబ్బంది. ఏం చేస్తే ఆ ఇబ్బంది పోయిందో అదే దాని మనసులో నిలుస్తుంది. కోరిన వైపు ఒక్క అడుగు వేసిన క్షణంలోనే పగ్గం సడలిస్తే ఆ అడుగు నేర్చుకుంటుంది. అడుగు వేసినా లాగుతూనే ఉంటే ఏది ఒప్పో దానికి అర్థం కాదు. ముకుతాడు ఎప్పుడూ బిగించే ఉంచితే ముక్కు దూలం మొద్దుబారి ఎంత లాగినా తల తిప్పదు.

ఈ సూత్రం గుర్రాలకూ ఒకటే. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో ఆవుల మందలను కాచే గుర్రాలు రౌతు ఒక్క మాటకు నిలువునా ఆగుతాయి. మందలో నుంచి ఒక ఆవును విడదీసి, అది తిరిగి మందలో కలవకుండా ఎదురు నిలుస్తాయి. ఈ పనులకే అక్కడ పెద్ద పోటీలు జరుగుతాయి. వాటిలో పేరుపడ్డ క్వార్టర్ హార్స్ జాతికి 1940లోనే సంఘం ఏర్పడింది. అక్కడ కూడా ఒకప్పుడు గుర్రాన్ని కట్టి, కొట్టి, అలసిపోయేదాకా ఎగరనిచ్చి లొంగదీసేవారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో టామ్ డోరెన్స్, రే హంట్ అనే శిక్షకులు ఆ పద్ధతి తగదని ఊరూరా చాటారు. గుర్రం భయాన్ని ముందు అర్థం చేసుకోవాలి, తప్పు పని కష్టంగాను, ఒప్పు పని సుఖంగాను ఉండేటట్లు చూడాలి, ఒప్పు చేసిన క్షణంలో కళ్లెం సడలించాలి అన్నదే వారి బోధ సారం. మన పల్లె నేర్పరులు అరక వెనుక చేసిందీ ఇదే.

అంత దూరం పోనక్కరలేదు. ఈ పక్కనే ఉన్న వనపర్తి సంస్థానంలో పంతొమ్మిదవ శతాబ్దంలో ఆఫ్రికా నుంచి వచ్చిన రౌతులతో ఒక అశ్వదళం ఉండేది. తరువాత ఆ దళం నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని పిలిచే పేటకు ఆ పేరు వచ్చింది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆ దళం వల్లనే. 1948 పోలీసు చర్య తరువాత దళం రద్దయింది. రౌతుల సంతతివారు అక్కడే స్థిరపడ్డారు. పశువును మరిపే చేతికి విలువ కట్టిన గడ్డ ఇది.

కోడెను కాడికి మరిపే తీరు

రెండున్నర, మూడేళ్ల వయసులో కోడెను పనికి అలవాటు చేయడం మేలు. మరీ లేతగా ఉన్నప్పుడు బరువు పెడితే ఒళ్లు చెడుతుంది. బాగా ముదిరితే మాట వినదు. మొదటి వారం కాడి జోలికి పోరాదు. పగ్గం పట్టి నడిపించడం, 'హో' అంటే ఆగడం, ఒళ్లంతా చేత్తో నిమిరినా బెదరకుండా నిలబడడం, ఇవే పాఠాలు.

ఆ తరువాత నిదానమైన ముసలి ఎద్దు పక్కన కట్టి ఉత్త కాడితో తిప్పాలి. కోడెకు మొదటి గురువు మనిషి కాదు, ఆ ముసలి ఎద్దే. పిదప తేలికైన మొద్దు కట్టి వాగు ఇసుకలో లాగించాలి. ఇసుకలో పరుగెత్తాలన్నా కాలు సాగదు, పడ్డా దెబ్బ తగలదు. అది కుదిరాక ఖాళీ బండి, దాని తరువాత గుంటుక, అన్నిటికన్నా చివర నాగలి. ఎలపట (కుడి వైపు) నేర్చిన ఎద్దును ఉన్నట్టుండి దాపటకు (ఎడమ వైపుకు) మారిస్తే తికమక పడుతుంది. అది మొండితనం కాదు.

రోజుకు చల్లటి పూట గంట చాలు. పాఠం ఎప్పుడూ కోడె ఒప్పుగా చేసిన పని మీదనే ముగించాలి. కాడి దించగానే గుప్పెడు ఉలవలో, తవుడో పెట్టాలి. తొందరపడి ఒక్క రోజులో నాగలి కట్టినవాడు ఆ తరువాత ఏళ్ల తరబడి అనుభవిస్తాడు.

అలవాట్లు మాన్పించేదెట్లా?

పడుకునే ఎద్దు : జబ్బు, పుండు, అధిక భారం లేవని తేల్చుకున్న తరువాతే ఇది అలవాటు అనుకోవాలి. పడుకున్నప్పుడు కొట్టరాదు, కాడి దించరాదు. పక్కనే ఓపికగా నిలబడాలి. దానంతట అది లేచి నాలుగు అడుగులు వేసిన తరువాత ఆపి విప్పాలి. మరునాడు ఒక సాలు, ఆ మరునాడు రెండు. లేచి నడిస్తేనే విడుదల అని అర్థమైతే పడక మానుతుంది. తోక మెలిపెట్టడం వల్ల తోక ఎముకలు విరుగుతాయి గాని బుద్ధి రాదు.

తన్నే ఎద్దు : పశువుకు రెండు పక్కలా చాలా దూరం కనబడుతుంది గాని సరిగ్గా వెనుక ఏమున్నదో కనబడదు. చప్పుడు లేకుండా వెనుక నుంచి పోతే బెదిరి తంతుంది. పిలుస్తూ, భుజం పక్క నుంచి పోయి ముందు చేయి వేయాలి. కాళ్లు తాకనివ్వని ఎద్దుకు పొడుగాటి కర్రకు గోనెగుడ్డ చుట్టి రోజూ మెల్లగా రుద్దాలి. కదలకుండా నిలిచిన క్షణంలో గుడ్డ తీసేయాలి.

కుమ్మే ఎద్దు : ఈ అలవాటు తరచు దూడప్పుడే మొదలవుతుంది. పిల్లలు లేగదూడ నుదురు పట్టి నెట్టి ఆడుకుంటారు. దూడ తిరిగి నెడితే నవ్వుతారు. ఆ ఆటే కొమ్ములు వచ్చాక ప్రాణం మీదికి తెస్తుంది. దూడను గంగడోలు కింద నిమరాలి గాని నుదురు నెట్టరాదని పిల్లలకు చెప్పాలి.

బెదిరే ఎద్దు : నేల మీద నీడ, ఎగిరే గుడ్డ, బస్సు హారన్ దీనికి శత్రువులు. రోడ్డుకు దూరంగా మేత వేసి కట్టి, అక్కడ తాపీగా మేయడం మొదలైన తరువాతే రోజుకు కొంచెం దగ్గరికి జరపాలి. బెదిరినప్పుడు కొడితే భయానికి నొప్పి తోడై జీవితమంతా గుర్తుంటుంది.

ఇంటి దారి పట్టగానే పరుగెత్తే ఎద్దు : ఇంటికి చేరగానే మేత, నీడ దొరుకుతాయి కాబట్టే ఆ పరుగు. పరుగు అందుకోగానే వెనక్కి తిప్పి కొంత దూరం నడిపించాలి. నెమ్మదిగా నడిచినప్పుడే ఇంటి వైపు పోనివ్వాలి.

చట్టం ఏమంటున్నది?

పశువును బాదడం, శక్తికి మించిన బరువు వేయడం, పుండుతో ఉన్నదాన్ని పనికి కట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. 1965లో వచ్చిన నిబంధనల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువుతో రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా కట్టరాదు. ములుకు దిగేసిన కర్ర వాడరాదు. మన వేసవిలో 37 డిగ్రీలు అంటే పొద్దెక్కేసరికే దాటే వేడి.

జాతి ఉంటే చాలదు

ఈ జిల్లాకు తనదైన పశుజాతి ఉన్నది. అమ్రాబాద్ నల్లమల పల్లెల్లో పెరిగే పొడ తూర్పు పశువులకు 2020లో దేశీయ జాతిగా గుర్తింపు వచ్చింది. రాళ్ల నేలలో నడవడానికి, ఎండకు ఓర్చి పని చేయడానికి ఈ ఎడ్లకు పేరు. దీపావళి తరువాత జరిగే కురుమూర్తి జాతరలో వీటి బేరాలు సాగుతాయి. పెబ్బేరు సంతకు కూడా దూర ప్రాంతాల రైతులు వస్తారు. అడవి అంచున స్వేచ్ఛగా మేసి పెరిగిన కోడె మనిషి చేతికి కొత్త. దాన్ని మరిపే నేర్పు లేకపోతే జాతి ఎంత మంచిదైనా కొన్నవాడికి మిగిలేది మొండెద్దే.

మండలంలోని పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. విత్తనాల మీద, ఎరువుల మీద శిక్షణ ఇచ్చినట్లే, ఏరువాకకు ముందు కోడెలను మరిపే పద్ధతి మీద కూడా రెండు రోజుల ప్రదర్శన పెడితే చిన్న రైతులకు మేలు జరుగుతుంది. పల్లెల్లో ఇంకా మిగిలిన ముసలి నేర్పరులనే గురువులుగా పిలవవచ్చు. పశువైద్యుడు పక్కన ఉండి ఏది నొప్పి, ఏది అలవాటు అని చూపితే పాఠం పూర్తవుతుంది. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కావలసింది ఒక ముసలి ఎద్దు, ఒక కోడె, కాస్త ఇసుక వాగు. ఆ నేర్పరులు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.